ఆషాఢంలో ఏడు రోజులు

పాత సామాను కొనడంలో నన్ను మోసం చేసినవాడు ఇంతవరకూ లేడు. గొప్పలు పోతున్నానని అనుకున్నా నాకు బాధ లేదు, ఉన్నమాటే చెబుతున్నాను. కోటబొమ్మాళిలో మాది స్టీలు, ఇత్తడి సామాన్ల కొట్టు. మా నాన్న పెట్టారు, నేను నడుపుతున్నాను. పాత బిందె తెచ్చి ఇచ్చి, పైన కొంత వేసి కొత్తది పట్టుకెళ్ళేవాళ్ళే మా బేరాల్లో సగం మంది. వేలి కణుపుతో బిందెను ఒక్కసారి కొడితే చాలు, ఎక్కడ అతుకు వేశారో, ఎక్కడ పలచబడిందో నా చెవికి తెలిసిపోతుంది. అందుకే, ఎవరో వాడుకుని వదిలేసిన సెలవుల క్లబ్బు సభ్యత్వాన్ని సెకండ్ హ్యాండులో కొంటున్నానని చెప్పినప్పుడు బజారులో నవ్వినవాళ్ళను నేను లెక్కచేయలేదు.

ఇది విశాఖపట్నంలో మొదలైంది. మా ఆవిడ కళ్ళు చూపించడానికి వెళ్ళాం. కొట్టు దగ్గర మా అబ్బాయిని కూర్చోబెట్టి వెళ్ళాం. డాక్టరు దగ్గర పని తొందరగా అయిపోయింది, రైలుకి ఇంకా టైముంది. దగ్గర్లో ఉన్న మాల్ లోకి చల్లదనం కోసం వెళ్తే, టై కట్టుకున్న ఒకాయన మాచేత కూపను నింపించాడు. పావుగంటలో మేమే అదృష్టవంతులమని తేల్చి పైఅంతస్తులో ఒక గదికి తీసుకెళ్ళాడు. డిన్నర్ సెట్టు బహుమానమట. పెట్టె మీద మెరుపు బాగానే ఉంది. నేను ఒక కంచం తీసి బొటనవేలితో నొక్కాను. వంగింది. బహుమానం సంగతి తేలిపోయింది కనక, ఇక మిగతాది ఏమిటో విందామని కూర్చున్నాను.

చెప్పినది ఇదీ. ఒకసారి పెద్ద మొత్తం కడితే ఇరవై అయిదేళ్ళపాటు ఏడాదికి ఏడు రోజులు వాళ్ళ రిసార్టుల్లో గది మనది. కొండల్లోనూ ఉన్నాయి, సముద్రం ఒడ్డునా ఉన్నాయి. ఏటేటా నిర్వహణ ఖర్చు వేరుగా కట్టాలి. ఆయన ఇంగ్లీషు కలిపి అరగంట చెప్పినదాంట్లో సరుకు అంతే. చివర్లో గోడ మీద ఒక పెద్ద బొమ్మ వేసి చూపించాడు. పొడవాటి బల్ల, దాని చుట్టూ ఒక కుటుంబం, తాత దగ్గర్నుంచి మనవల దాకా అందరూ భోంచేస్తున్నారు.

అంతసేపూ నోరు విప్పని మా ఆవిడ అప్పుడు అడిగింది. "అక్కడ బోయినం అందరికీ ఒకేపాలి పెడతారా?"

ఆయనకు ప్రశ్న అర్థం కాలేదు. "ఎప్పుడు కావాలంటే అప్పుడు తినొచ్చు మేడమ్" అన్నాడు. ఆవిడ అడిగింది అది కాదు, అందరూ ఒకేసారి కూర్చుని తింటారా అని. నాకు తెలుసు. ఆ రోజే సంతకం పెడితే తగ్గింపు అన్నాడు కాబట్టి, ఆ రోజు పెట్టకూడదని నిశ్చయించుకుని లేచాను.

రైలు శ్రీకాకుళం రోడ్డు దాటాక మా ఆవిడ కిటికీలోంచి చూస్తూనే అంది. "ఆ బొమ్మలో ముసిలావిడ్ని సూసారా? ఆవిడ ముందర కూడా కంచం ఉన్నాది."

"ఉంటే?"

"మనందరం ఒక్కపాలైనా అలగ కూసుని తింటే బాగున్ను."

మా ఇంటి సంగతి చెబితే గానీ ఈ మాట బరువు తెలియదు. మాకు ముందు కొట్టు, వెనక ఇల్లు. పొద్దున్న తలుపులు తీసింది మొదలు మూసేదాకా గల్లా దగ్గర ఇంటి మనిషి ఒకరు ఉండి తీరాలి. నేను తింటుంటే ఆవిడ గల్లా దగ్గర ఉంటుంది. నేను వచ్చాక అబ్బాయి వెళ్తాడు. అందరూ అయ్యాక ఆవిడ లోపలికి వెళ్ళి, కొట్లో ఎవరైనా పిలుస్తారేమో అని ఒక చెవి ఇటు పడేసి, రెండు ముద్దలు నోట్లో వేసుకుని వచ్చేస్తుంది. వారానికి ఒకరోజు సెలవైనా ఇల్లు వెనకే కాబట్టి పెరటి తలుపు కొట్టి మరీ గరిటె అడుగుతారు. చుట్టాల పెళ్ళిళ్ళకు కూడా వంతులే, ఎందుకంటే పెళ్ళిళ్ళ రోజుల్లోనే మాకు బేరాలు. మా పెళ్ళయి ఇరవై ఎనిమిదేళ్ళయింది. మేమిద్దరం పక్కపక్కన కూర్చుని విస్తరి ముందు వేసుకున్నది బహుశా మా పెళ్ళి రోజునే. ఇది ఎవరి తప్పూ కాదు, కొట్టు బతుకు అంతే అని నేను ఎప్పుడూ అనుకునేవాణ్ణి. ఆ రైల్లో మాత్రం సిగ్గనిపించింది.

కొత్తది కొనే ఉద్దేశం నాకు లేదు. కొత్తది పెట్టెలోంచి తీయగానే సగం ధర పడిపోయే సరుకని ఆ గదిలోనే అర్థమైంది. వాడుకోలేక అమ్ముకునేవాళ్ళు ఉండే ఉంటారని ఫోనులో వెతికాను, బోలెడు మంది ఉన్నారు. వాళ్ళలో మనకు దగ్గరగా విజయనగరంలో ఒక రిటైరైన ఇంజినీరు గారు దొరికారు. ఆయన సభ్యత్వం ఇంకా తొమ్మిదేళ్ళు ఉంది. భార్యకు మోకాళ్ళ నొప్పులు, ప్రయాణాలు కట్టిపెట్టారు.

వెళ్ళి కూర్చున్నాను. కాఫీ ఇచ్చారు. కాగితాలన్నీ ఫైల్లో వరసగా పెట్టుకున్న మనిషి, ముందే నచ్చారు. నిర్వహణ ఖర్చు ఏ ఏడాదిదీ బాకీ లేదని క్లబ్బు చేత రాయించి ఇమ్మన్నాను. పేరు మార్చడానికి క్లబ్బు వసూలు చేసే రుసుము ఆయనే భరించాలన్నాను. ఒప్పుకున్నారు. నేనే క్లబ్బుకు ఫోను చేసి సభ్యత్వం నంబరు చెప్పి, మిగిలిన ఏళ్ళు ఎన్నో వాళ్ళ నోటితోనే అనిపించాను. అంతటితో ఆగలేదు. నా ఎదురుగానే ఒక గది బుక్ చేసి చూపించమన్నాను. బిందె కొనేముందు నీళ్ళు పోసి చూడమా? ఆయన నవ్వి, బుక్ చేసి, ఖాయమైందని మెసేజ్ వచ్చాక చూపించి రద్దు చేశారు.

"ఉన్నమాట సెప్పేస్తానండి" అన్నారు ఆయన చివర్లో. "ఇవి వానాకాలం వారాలు. జూన్ ఆఖరి నుంచి జులై ఆఖరు లోపు వాడుకోవాల. నాను కొన్నప్పుడు సవగ్గా వస్తన్నాదని కొన్నాను. ఇప్పుడు ఎవులూ తీసుకోవడం నేదు."

నేను మొహంలో ఏమీ కనపడనివ్వలేదు గానీ, లోపల ఎగిరి గంతేశాను. జూన్ ఆఖరు, జులై అంటే ఆషాఢం. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు. పెళ్ళిళ్ళు లేకపోతే మా కొట్టుకు వచ్చేవాడు ఉండడు, ఈగలు తోలుకుంటూ కూర్చోవాలి. ఏడాది మొత్తంలో ఏడు రోజులు కొట్టు మూసినా నష్టం లేని కాలం అదొక్కటే. ఆయనకు పనికిరానిది నాకు సరిగ్గా అతికింది. వానాకాలమని చెప్పి ఇంకొంచెం తగ్గించి, సంతకాలు పెట్టించుకుని వచ్చేశాను. ఇంటికొచ్చి మా ఆవిడకు కాగితం చూపిస్తే అటూ ఇటూ తిప్పి చూసి, దేవుడి గూట్లో పెట్టింది.

ఇది మాఘమాసంలో. వైశాఖంలో మా అబ్బాయి పెళ్ళయింది. అమ్మాయిది విజయనగరం. తండ్రి బడిపంతులు. మా కోడలు నెమ్మదస్తురాలు గానీ మాట తడుముకోదు, అది నాకు నచ్చింది. ఈ పెళ్ళి హడావిడిలోనే భోగాపురం దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న రిసార్టులో జులైలో ఏడు రోజులకు గది బుక్ చేసేశాను. నలుగురం. ఇంతా చేసి రెండు గంటల దూరానికా అని మా అబ్బాయి నసిగాడు. "ఒరే, దూరం కాదురా కావాల్సింది" అన్నాను.

జ్యేష్ఠం ఇంకో పది రోజుల్లో అయిపోతుందనగా వియ్యంకుడు, వియ్యపురాలు వచ్చారు. ఆవిడ పళ్ళబుట్ట కింద పెట్టి కూర్చోగానే అంది.

"అన్నయ్యగారూ, ఆషాఢం వచ్చేస్తన్నాది కదా, అమ్మాయిని తీసుకెల్దామని వచ్చాం."

నేను గల్లా దగ్గర్నుంచి లేచి నిలబడిపోయాను. పెళ్ళయిన మొదటి ఆషాఢంలో కొత్తకోడలు పుట్టింట్లో ఉండాలి. అత్తా కోడళ్ళు ఒకే గడప దాటకూడదు. కొత్త జంట ఒకే ఇంట్లో ఉండకూడదు. ఈ సంగతి తెలియని తెలుగువాడు ఉంటాడా? మా కొట్లో ఆ నెల దాటగానే కోడలితో పంపే సారెకు ఏ ఇత్తడి సామాను పెట్టాలో వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పేది నేనే. కానీ ముప్ఫయ్యేళ్ళుగా ఆషాఢమంటే నా బుర్రలో బేరాల్లేని నెల, అంతే. అది నా ఇంట్లోకి కూడా వస్తుందని ఒక్కసారి తట్టలేదు. బిందెకు చుట్టూ కొట్టి చూసి అడుగు చూడడం మరిచిపోయానన్నమాట.

సంగతి చెప్పాను. వియ్యంకుడు మంచివాడు, నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. వియ్యపురాలు మాత్రం నవ్వలేదు. "మా అమ్మా, మా అత్తా అందరూ పాటించిందే. నాను కాదననేను" అంది. ఆవిడను తప్పుపట్టను. కూతురికి పెళ్ళయిన మొదటి ఏడు అది.

ఆ పూట అందరికీ వడ్డించి, కోడలితో సహా వాళ్ళను పంపాక మా ఆవిడ చాలా మామూలుగా అంది. "నాను ఇంటికాడ ఉండిపోతాను. మీరు ముగ్గురూ ఎల్లండి. కొట్టు కూడా మూయక్కర్నేదు."

"కొత్త జంట కూడా కలిసి ఉండకూడదు కదే."

"అయితే మీరూ అబ్బాయీ ఎల్లండి. డబ్బు కట్టేసారు కదా."

"ఎవరికోసం కొన్నానే అది? పోనీ, ఈ ఏడు వదిలేద్దాం. వచ్చే ఏడు అందరం కలిసి ఎల్దాం" అన్నాను.

ఆవిడ గిన్నెలు సర్దుతూ సర్దుతూ ఆగింది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. "పెళ్ళయిన కాడ్నించి ఇంటన్నాను ఆ వచ్చే ఏడు మాట" అని లోపలికి వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండింది, నా మీదే. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆవిడ నోరు తెరిచి అడిగింది ఒక్కటి, దానికోసం కొన్న కాగితంతోనే మళ్ళీ ఆవిడను గల్లా దగ్గర కూర్చోబెట్టబోతున్నాను. ఆ ఏడు వదిలేస్తే ఇక ఎప్పటికీ లేదని నాకు అర్థమైంది. వచ్చే ఏడు కోడలు నీళ్ళోసుకుంటుంది, ఆపై ఏడు ఇంకేదో వస్తుంది. ఎలాగైనా సరే ఈ ఆషాఢంలోనే వెళ్ళాలని పట్టు పట్టాను.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి భోగాపురం వెళ్ళాను. విమానాశ్రయం వైపు పోయే లారీల వెనకాల వెనకాల ఆటో ఈడ్చుకుంటూ ఆ రిసార్టుకు చేరేసరికి పది దాటింది. మేనేజరు నన్ను లోపలికి తీసుకెళ్ళి మంచాలు, బాత్రూములు, టీవీ చూపించబోయాడు. నేను అవేమీ చూడలేదు. గడపలు చూపించమన్నాను.

"ఏటండి?" అన్నాడు.

"గడపలు బాబూ. ఏ గదికి ఏ గుమ్మం, ఏ మెట్లు, ఎటునుంచి ఎటు వెళ్తారు, అది."

అతను వాస్తు అనుకున్నాడు. సరే, అలాగే అనుకోనిచ్చాను. అక్కడ ఇళ్ళు విడివిడిగా ఉన్నాయి. సరివి చెట్ల మధ్య ఒక్కొక్క గది ఒక్కొక్క చిన్న ఇల్లు, దేని మెట్లు దానివే. ఒక దాని గుమ్మంలోంచి ఇంకోదానికి వెళ్ళే పనే లేదు. భోజనాల చోటు ఇంకా నచ్చింది. స్తంభాల మీద పెంకుల కప్పు, నాలుగు వైపులా ఖాళీ, గోడా లేదు, తలుపూ లేదు. నేను చుట్టూ ఒకసారి తిరిగి, వంగి నేల చూసి, గడప లేదని రూఢి చేసుకున్నాను. అన్ సీజన్ కాబట్టి ఇంకో ఇల్లు ఖాళీగానే ఉంది, సభ్యులకు ఇచ్చే ధరకే ఇస్తానన్నాడు. అన్నిటికీ ఫోటోలు తీసుకుని అట్నుంచి అటే విజయనగరం వెళ్ళాను.

వియ్యపురాలికి ఫోటోలు ఒక్కొక్కటీ చూపించి నా బేరం చెప్పాను. ఒక ఇల్లు వాళ్ళది. అమ్మాయి తల్లిదండ్రులతో అందులో ఉంటుంది, కాబట్టి అది పుట్టిల్లే. ఇంకో ఇల్లు మాది, అబ్బాయి మాతో ఉంటాడు. మా ఆవిడ వాళ్ళ గడప తొక్కదు, కోడలు మా గడప తొక్కదు. కలుసుకునేదల్లా ఇసక మీద, లేదంటే ఆ కప్పు కింద. వియ్యపురాలు ఫోను దగ్గరగా పెట్టుకుని భోజనాల చోటు ఫోటోని పెద్దది చేసి చూసింది.

"నిజంగా గడప నేదా?" అంది.

"నాను వంగి సూసానమ్మా."

కోడలు వంటింట్లోంచి తొంగి చూసి, "అమ్మా, మావయ్య బాగా నలిగిపోతన్నారు, ఒప్పేసుకో" అంది. వియ్యపురాలికి అప్పుడు నవ్వొచ్చింది. "సరే గానీ, రాత్రిపూట ఎవులింట్లో ఆళ్ళు ఉండాల" అని కచ్చితంగా చెప్పి ఒప్పుకుంది. అల్లుడి వైపు నుంచి ఏమైనా గొడవ వస్తుందేమోనని ఆవిడ భయం. మా వాడు బుద్ధిమంతుడే. ఏడు రోజులూ వాడు ఆ ఇంటి మెట్ల దాకా వెళ్ళి మెట్ల దగ్గరే నిలబడి మాట్లాడేవాడు. వాడి అవస్థ చూసి నేను బాగా ఆనందించాను.

బయలుదేరిన రోజు కొట్టు తలుపులు వేసి తాళం పెట్టాక రెండుసార్లు వెనక్కి వచ్చి లాగి చూశాను, అది ఒప్పుకుంటాను. పక్క కిరాణా కొట్టు ఆయన ఎవరైనా పోయారేమోనని పరుగెత్తుకొచ్చాడు. లేదు, సరదాకి వెళ్తున్నామంటే నమ్మలేదు.

భోగాపురంలో మొదటి రెండు రోజులూ ఒకటే వాన. సముద్రం బురద రంగులో లేచిపడుతోంది. స్నానాలు లేవు, పడవలు లేవు. ఆషాఢం వారాలు ఎందుకు సవగ్గా వస్తాయో కళ్ళారా చూశాం. వంటవాళ్ళు నాలుగు రకాల చేపలు చేస్తారు గానీ మాకు శాకాహారం అని చెబితే పాపం తెల్లమొహం వేసి, ఆ పూటకు పప్పూ బంగాళాదుంపలే పెట్టారు. మర్నాటి నుంచి వియ్యపురాలు వంటింటి దాకా వెళ్ళి మనిషిని నిలబెట్టి చెప్పడం మొదలుపెట్టాక గుమ్మడికాయ పులుసు, వంకాయ, చారు అన్నీ వచ్చాయి.

అనుకున్నట్టే ఆరుగురం ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. కానీ మొదటి రోజు మా ఆవిడ కూర్చోవడమే కష్టమైంది. అందరికీ వడ్డించడానికి లేవబోయింది, వడ్డించేవాళ్ళు వేరే ఉన్నారని కూర్చోబెట్టాం. సరిగ్గా అయిదు నిమిషాల్లో పప్పు, కూర, మజ్జిగ అన్నీ కలిపి మింగేసి లేచి నిలబడింది. మేమింకా మొదటి వడ్డనలోనే ఉన్నాం.

"ఎక్కడికి అత్తా?" అంది కోడలు.

ఆవిడ అటూ ఇటూ చూసింది. ఎక్కడికో ఆవిడకూ తెలియదు. వెళ్ళి గల్లా దగ్గర్నుంచి లేపాల్సిన మనిషి ఎవరూ లేరు. కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుని, "కూసోండి, నాకు తోడుండండి" అంది. కూర్చుంది గానీ కంచం ఖాళీ. చేతులు ఒళ్ళో పెట్టుకుని మా అందరి కంచాల వంకా చూస్తూ కూర్చుంది. నేను ఇంకేదైనా వేసుకోమన్నాను, వద్దంది. కొన్నదంతా దండగే అయిపోయిందని నాకు మొదటిసారి అనిపించింది ఆ పూటే.

రెండో రోజు కూడా దాదాపు అంతే. మూడో రోజు మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. గాలికి సరివి చెట్లు ఊగుతున్నాయి. మేమందరం తిన్నాం. వియ్యంకుడు లేచాడు, వియ్యపురాలు లేచింది, పిల్లలిద్దరూ ఇసక వైపు వెళ్ళారు. నేనూ చెయ్యి కడుక్కోవడానికి లేచి, మా ఆవిడ రాలేదని వెనక్కి చూశాను.

ఆవిడ ఇంకా చారు అన్నంలోనే ఉంది. చిన్న చిన్న ముద్దలు చేస్తోంది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, అది పూర్తిగా అయ్యేదాకా రెండోది ముట్టడం లేదు. మధ్యలో అప్పడం గోరంత ముక్క విరిచి నంజుకుంటోంది. పులుసులో గుమ్మడి ముక్కలన్నీ ఏరి ఒక పక్కన వరసగా పెట్టుకుంది, ఆఖర్న తినడానికి. పెరుగు గిన్నె ముట్టనే లేదు. ఇన్నేళ్ళూ నా భార్య గబగబా తినే మనిషని నేను అందరికీ చెప్పేవాణ్ణి, మెచ్చుకోలుగానే. ఒంట్లో బాగాలేదేమోనని కంగారుపడి దగ్గరకు వెళ్ళాను.

"ఏటే, ఒంట్లో నలతగా ఉందా?"

"బాగానే ఉన్నాది."

"మరి ఇంత నెమ్మదిగా తింటన్నావేటి?"

ఆవిడ తలెత్తలేదు. గుమ్మడి ముక్క ఒకటి తీసుకుంది.

"పెళ్ళికి ముందు ఇలాగే తినీదాన్ని" అంది.

నేను ఎంగిలి చేత్తోనే మళ్ళీ ఆవిడ ఎదురుగా కూర్చున్నాను.